అణు ఒప్పందాలన్నీ చిత్తు కాగితాలేనా? శత్రువుల మధ్య నిలిచిన ఒప్పందం ఒక్కటైనా ఉందా?

తెనాలి_టీచర్
డిగ్రీ పిల్లలకి పొలిటికల్ సైన్స్ చెప్తాను. వచ్చే నెల మా కాలేజీలో డిబేట్ ఉంది. అంశం "అణ్వాయుధాలు లేని ప్రపంచం సాధ్యమేనా". కాదు అనే పక్షానికి పేర్లు కుప్పలుగా వచ్చాయి. అవును అనే పక్షానికి ఒక్కరు కూడా రాలేదు. ఎందుకమ్మా అని అడిగితే సెకండియర్ అమ్మాయి తడుముకోకుండా చెప్పింది: "ఉక్రెయిన్ బాంబులు ఇచ్చేసింది, యుద్ధం వచ్చిపడింది. ఇరాన్ అణ్వాయుధాలు చెయ్యనని సంతకం పెట్టింది, దాని మీదా బాంబులు పడ్డాయి. అమెరికా, రష్యాల మధ్య మిగిలిన అణ్వాయుధాల పరిమితి ఒప్పందం న్యూ స్టార్ట్ కూడా 2026 ఫిబ్రవరి 5తో అయిపోయింది. ఇంక అవును అని ఏం మాట్లాడమంటారు మేడమ్?"

పద్దెనిమిదేళ్ల పిల్ల ఇంత తీర్మానంగా మాట్లాడుతుంటే మనసు కలుక్కుమంది. యుద్ధం చెడ్డది, శాంతి మంచిది లాంటి మాటలు నాకు వద్దు, అవి వాళ్లకి కంఠతా వచ్చు. ఒకరంటే ఒకరికి గిట్టని దేశాలు రాసుకున్న ఒప్పందం, నిజంగా పనిచేసింది, ఒక్కటి చెప్పండి.

కృష్ణలంక_కుర్రోడు
ఆ అమ్మాయి చెప్పిందాంట్లో తప్పేముంది టీచర్ గారూ? 1994 డిసెంబర్ 5, బుడాపెస్ట్. అమెరికా, బ్రిటన్, రష్యా మూడూ సంతకం పెట్టి మీ సరిహద్దులకి ఢోకా లేదన్నాయి. ఉక్రెయిన్ గడ్డ మీద అప్పుడు సుమారు 1,900 వ్యూహాత్మక వార్‌హెడ్లు, అంటే దూరం పోయే క్షిపణులు, విమానాలు మోసే అణుబాంబులు ఉన్నాయి, ప్రపంచంలో మూడో పెద్ద గుట్ట. అన్నీ ఇచ్చేసింది. 2014లో క్రిమియా పోయింది. 2022లో ట్యాంకులు కీవ్ దాకా వచ్చాయి. ఉత్తర కొరియా మీదకి మాత్రం ఎవరూ వెళ్లరు. పిల్లలకి ఇంతకన్నా పెద్ద పాఠం ఏం కావాలి?

నిప్పులాంటి_నిజం
పైన చెప్పినదానికి లిబియా కూడా కలపండి. 2003లో గడాఫీ అణ్వాయుధ కార్యక్రమం మొత్తం వదులుకున్నాడు. 2011లో ఏమైందో లోకమంతా చూసింది. బలం ఉన్నవాడి మాటే ఒప్పందం. మిగతాదంతా ఫొటోల కోసం.

పాత_పేపర్లు
టీచర్ గారు అడిగినదానికి జెనీవా దాకా వెళ్లక్కర్లేదు. మన గుమ్మంలోనే ఉంది.

ఏటా జనవరి 1న ఢిల్లీలోనూ ఇస్లామాబాద్‌లోనూ ఒకేసారి ఒక పని జరుగుతుంది. మన విదేశాంగ శాఖ వాళ్లు పాక్ హైకమిషన్ చేతికి, వాళ్ల శాఖ వాళ్లు మన హైకమిషన్ చేతికి ఒక జాబితా ఇస్తారు. ఎవరి అణు కేంద్రాలు ఎక్కడెక్కడున్నాయో, అక్షాంశం రేఖాంశంతో సహా. ఇవిగో మావి, వీటి జోలికి మీరు రాకూడదు, మీ వాటి జోలికి మేం రాం. ఇదీ ఒప్పందం. పట్టుమని రెండు మూడు పేజీలు.

1988 డిసెంబర్ 31న ఇస్లామాబాద్‌లో కుదిరింది. రాజీవ్ గాంధీ, బేనజీర్ భుట్టో ఉండగా విదేశాంగ కార్యదర్శులు కె.పి.ఎస్. మీనన్, హుమాయూన్ ఖాన్ సంతకాలు చేశారు. 1991 జనవరి 27 నుంచి అమల్లోకి వచ్చింది. 1992 జనవరి 1న మొదటి జాబితా చేతులు మారింది. 2026 జనవరి 1న 35వసారి.

ఇది ప్రేమతో పుట్టింది కాదు. 1981 జూన్‌లో ఇజ్రాయెల్ విమానాలు ఇరాక్‌లోని ఒసిరాక్ రియాక్టర్‌ని నేలమట్టం చేశాయి. రేపు మన కహూటా అణు కేంద్రం గతీ ఇంతేనేమోనని పాకిస్థాన్‌కి పట్టుకుంది. అదే జరిగితే ముంబయిలోని ట్రాంబే అణు కేంద్రం సంగతేమిటని మనవాళ్లకి పట్టుకుంది. 1985 డిసెంబర్‌లో జియా ఉల్ హక్ ఢిల్లీ వచ్చినప్పుడు నోటిమాటగా ఒప్పుకున్నారు. 1987 జనవరిలో మన సైన్యం బ్రాస్‌టాక్స్ విన్యాసాలప్పుడు రెండు సైన్యాలూ సరిహద్దు దాకా వచ్చి నిలబడ్డాయి. ఆ వేడి చల్లారాక మాట కాగితం మీదకి వచ్చింది.

ఇక ఈ 35 సార్ల మధ్యలో ఏం జరిగాయో లెక్కేసుకోండి. 1998లో పోఖ్రాన్, చాగై అణు పరీక్షలు. 1999లో కార్గిల్. 2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి. లక్షలమంది సైనికులు ఎదురెదురుగా మోహరిస్తున్న ఆ వారాల్లోనే, 2002 జనవరి 1న జాబితాలు ఇచ్చిపుచ్చుకున్నారు. ముంబయి దాడి జరిగి ఐదు వారాలే అయింది, 2009 జనవరి 1 వచ్చింది, అప్పుడూ ఇచ్చారు. పుల్వామా, బాలాకోట్ అయ్యాక ఇచ్చారు. ఆపరేషన్ సిందూర్ అయ్యాక కూడా ఇచ్చారు. ఒక్క ఏడాది ఆగలేదు.

నాకు తెలిసి బద్ధశత్రువుల మధ్య ఇంతకాలం ఒక్కసారీ తప్పకుండా నడిచిన అణు ఒప్పందం ఇంకొకటి చూపించడం కష్టం. పిల్లలకి ఇది చెప్పండి.

ఈసీఐఎల్_చౌరస్తా
అన్నా ఒక్కటి చెప్పు, మా ఎన్ఎఫ్‌సీ, గదే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, గా లిస్టుల ఉన్నదా? నేను పుట్టి పెరిగింది కుషాయిగూడల. 2025 మే 7న మౌలాలి ఎన్ఎఫ్‌సీ కాడ కూడ మాక్ డ్రిల్ పెట్టిండ్రు కద. సైరన్ ఇని మా అమ్మ రాత్రంత నిద్రపోలే. "ఫస్టు మన దిక్కే ఏస్తరు బిడ్డా" అన్నది. నా తాన జవాబు లేకుండె.

పాత_పేపర్లు
@ఈసీఐఎల్_చౌరస్తా జాబితాలో ఏమున్నాయో రెండు ప్రభుత్వాలూ బయటపెట్టవు తమ్ముడూ. కానీ అణు కేంద్రం అంటే ఏమిటో ఒప్పందంలోనే రాసుకున్నారు: విద్యుత్ రియాక్టర్లు, పరిశోధన రియాక్టర్లు, ఇంధనం తయారుచేసే ఫ్యాక్టరీలు, యురేనియం శుద్ధి, రీప్రాసెసింగ్ ప్లాంట్లు, రేడియోధార్మిక పదార్థం పెద్ద ఎత్తున దాచే చోట్లు. ఎన్ఎఫ్‌సీ చేసే పని రియాక్టర్లకి ఇంధనం తయారుచెయ్యడమే. అమ్మకి ఆ లైను చదివి వినిపించు.

ఈసీఐఎల్_చౌరస్తా
ఇప్పుడే ఫోన్ చేసి చెప్పిన. "మరి గప్పుడే చెప్పాలె గద రా" అని నన్నే తిట్టింది 😄 మంచిగున్నది, థాంక్స్ అన్నా.

నిప్పులాంటి_నిజం
@పాత_పేపర్లు అంత పవిత్రమైన ఒప్పందమైతే 2025 మే నెలలో పాకిస్థాన్‌లోని కిరానా కొండల సంగతేంటి? అక్కడ అణు గోదాం మీద మనవాళ్లు కొట్టారని వాట్సాప్ నిండా వచ్చింది. కొట్టి ఉంటే సెల్యూట్. మీ ఒప్పందం ఎక్కడికి పోయింది?

పాత_పేపర్లు
వాట్సాప్ నిండా వచ్చింది, వాయుసేన నోట రాలేదు. మే 12 ప్రెస్‌మీట్‌లో ఎయిర్ మార్షల్ ఏ.కె. భారతి సూటిగానే చెప్పారు, కిరానా కొండలని మేం కొట్టలేదని. పాకిస్థాన్‌లో ఏ అణు కేంద్రం నుంచీ రేడియేషన్ లీకు లేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఐఏఈఏ కూడా తర్వాత చెప్పింది.

ఇంకో సంగతి. ఆ నాలుగు రోజుల్లో రెండువైపులా వైమానిక స్థావరాల మీద క్షిపణులు పడ్డాయి. అంత కోపంలో కూడా అణు కేంద్రాన్ని కొట్టామని మనమూ అనలేదు, మా కేంద్రం మీద పడిందని వాళ్లూ అనలేదు. యుద్ధం మధ్యలో ఆ గీత అలాగే ఉండిపోయింది.

నిప్పులాంటి_నిజం
గీత ఉండటానికి కారణం భయం. రేడియేషన్ గాలికి ఇటే వస్తుందని. కాగితం గొప్ప కాదు.

మాజీ_జవాన్
భయం గొప్పదే అన్నా, కాదన్ను. కానీ భయం ఒక్కటే ఉంటే ఎదుటివాడు ముందే కొడతాడేమోనని నువ్వు ముందు కొడతావు. ఆ భయం మనకే కాదు, వాడికీ ఉందని రాతపూర్వకంగా తెలిస్తే చెయ్యి కాస్త ఆగుతుంది. బంకర్‌లో కూర్చున్నవాడికి ఈ తేడా బాగా తెలుస్తుంది. మిగతాది రాత్రికి రాస్తా, ఇప్పుడు డ్యూటీలో ఉన్నా.

కడప_కారం
జాబితాలో అన్నీ నిజంగా రాస్తారని గ్యారంటీ ఏముంది? ఒకటి దాచిపెట్టుకుంటే చూసొచ్చేవాడు ఎవడుండాడు?

పాత_పేపర్లు
@కడప_కారం ఎవరూ లేరు. తనిఖీ లేదు, అది ఈ ఒప్పందంలో పెద్ద లోటే. కాకపోతే ఒకటి ఆలోచించండి. దాచిపెట్టిన కేంద్రానికి ఒప్పందం రక్షణ ఇవ్వదు. రక్షణ కావాలంటే పేరు రాయాలి. దాచితే నష్టం దాచినవాడికే. పెద్ద తనిఖీ వ్యవస్థ లేకపోయినా ఇది నడవడానికి ఆ ఏర్పాటే కారణమని నేననుకుంటాను.

ఇరాన్‌తో పోల్చి చూడండి. అణ్వాయుధాల వ్యాప్తిని ఆపే ఒప్పందం ఎన్‌పీటీలో ఉంది, ఐఏఈఏ ఇన్‌స్పెక్టర్లు వస్తూ పోతూ ఉన్నారు. అయినా 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఆ తర్వాత అమెరికా నతాంజ్, ఫోర్దో, ఇస్ఫహాన్ అణు కేంద్రాల మీద దాడి చేశాయి. ఇరాన్, ఇజ్రాయెల్ మధ్య ఇలాంటి రెండు పేజీల కాగితం ఎప్పుడూ లేదు. ఎన్‌పీటీలో అసలు చేరని భారత్, పాకిస్థాన్‌ల మధ్య ఉంది.

అలల_ఊరు
పెద్దాయన జనవరి 1 అన్నారు కాబట్టి ఒక మాట చెప్పాలనిపించింది. అదే రోజు ఇంకో జాబితా కూడా చేతులు మారుతుంది. ఖైదీలది. 2008 మే 21న రాసుకున్న కాన్సులర్ ఒప్పందం ప్రకారం ఏటా రెండుసార్లు, జనవరి 1న, జూలై 1న. మామూలు ఖైదీలు ఎంతమంది, మత్స్యకారులు ఎంతమంది, పేర్లతో సహా ఇస్తారు.

మాది శ్రీకాకుళం జిల్లా, ఎచ్చెర్ల వైపు తీరం. మా దగ్గర వేట మీద ఇల్లు గడవదు. అందుకే మావోళ్లు గుజరాత్‌లోని వేరావల్ పోయి అక్కడ బోటెక్కుతారు. బోటు పెద్ద తండేలు, మిగతావాళ్లు ఖలాసీలు. రాత్రిపూట, అందులోనూ మంచు పట్టిన రాత్రి, నీళ్ల మీద గీత ఎవడికి కనిపిస్తుంది? 2018లో మన ఆంధ్ర కుర్రాళ్లు అలాగే పట్టుబడి కరాచీ జైల్లో ఉన్నారు. ఇరవై మంది 2020 జనవరి 6న వాఘా దాటి వచ్చారు. సినిమా కూడా వచ్చింది, మీకందరికీ తెలుసు.

తెలియనిది ఇంటి దగ్గర జరిగేది. మా వీధిలో ఒకాయన వేరే ఏడు పట్టుబడ్డాడు. మనిషి మనవాడేనని మన సర్కారు రాసివ్వాలి, అప్పుడే కదులుతుంది. అక్కడి కాగితంలో ఆయన పేరు ముందు, ఇంటిపేరు వెనక, అందులోనూ ఒక అక్షరం తేడా. ఇక్కడ రేషన్ కార్డులో ఇంటిపేరు ముందు. ఆఫీసులో "ఈయన ఆయన కాడు" అన్నారు. ఆయన భార్య ఆధార్ జిరాక్సు, పెళ్లి ఫొటో, పంచాయతీ సర్టిఫికెట్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఎన్నిసార్లు తిరిగిందో. చివరికి మోచేతి దగ్గర వలతాడు కోసిన మచ్చ ఉందని రాసిచ్చింది. అక్కడి కాగితంలోనూ ఆ మచ్చ రాసుంది. అప్పుడు ఒప్పుకున్నారు.

శిక్ష పూర్తయి, ఏ దేశస్థుడో తేలాక నెలలోపు పంపెయ్యాలని ఆ ఒప్పందంలో ఉంది. నెలలోపు జరగదు. చాలామందికి ఏళ్లు పడుతోంది. 2025 జనవరి 1 లెక్క ప్రకారం పాక్ జైళ్లలో మన మత్స్యకారులు 217 మంది, మన జైళ్లలో వాళ్ల మత్స్యకారులు 81 మంది. కానీ ఆ జాబితా అనేదే లేకపోతే మనిషి బతికున్నాడో లేదో కూడా తెలిసేది కాదు మాకు. ఒప్పందం చిత్తు కాగితమని మా ఊరొచ్చి అనండి, మావోళ్లే జవాబు చెప్తారు.

తెనాలి_టీచర్
అలల_ఊరు గారూ, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు ఒప్పుకుంటే ఆ మచ్చ సంగతి క్లాసులో చెప్తాను, పేరు, ఊరు లేకుండా.

అలల_ఊరు
చెప్పండి మేడమ్. అందుకే రాశాను.

ఫ్రీమాంట్_రావు
కృష్ణలంక తమ్ముడు లేవనెత్తిన ఉక్రెయిన్ పాయింట్‌ని ఎవరూ ముట్టుకోలేదు, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా.

ఒప్పందాల్లో రెండు రకాలు. ఒకటి మాట ఇచ్చేది. రెండోది ఎదుటివాడి ఇంట్లోకి వెళ్లి చూసే హక్కు ఇచ్చేది. బుడాపెస్ట్ మొదటి రకం. అందులో తనిఖీ లేదు. మాట తప్పితే ఏం చెయ్యాలో లేదు, భద్రతా మండలికి పోవడం, కూర్చుని సంప్రదించుకోవడం తప్ప. హామీదారు లేని ప్రామిసరీ నోటు అది.

రెండో రకం 1987 డిసెంబర్ 8న రీగన్, గోర్బచేవ్ సంతకం పెట్టిన ఐఎన్‌ఎఫ్. 500 నుంచి 5,500 కిలోమీటర్ల దూరం పోయే, నేల మీంచి వదిలే క్షిపణులన్నీ రద్దు. 1991 మధ్యకల్లా 2,692 క్షిపణులు పోయాయి, సోవియట్‌వి 1,846, అమెరికావి 846. కొన్నిటిని పేల్చారు, కొన్నిటిని కోశారు, రెండోవైపు వాళ్లు పక్కన నిలబడి చూశారు. రష్యాలోని వోట్కిన్స్క్ ఫ్యాక్టరీ గేటు దగ్గర అమెరికన్లు, అమెరికాలోని యూటా ఫ్యాక్టరీ గేటు దగ్గర రష్యన్లు ఏళ్ల తరబడి కాపురం పెట్టి మరీ లోపలికీ బయటికీ పోయే బళ్లని చూశారు.

ఇప్పుడు ముగిసిపోయిన న్యూ స్టార్ట్‌లో తనిఖీ ఎలా జరిగేదో చెప్తా, పిల్లలకి నచ్చుతుంది. ఏడాదికి 18 దాకా చెయ్యొచ్చు. బృందం ఆ దేశంలో దిగాకే ఏ స్థావరానికి వెళ్తామో చెప్తుంది. అక్కడికి చేరాక, ఇదిగో ఈ క్షిపణి చూపించు అంటుంది. ముక్కు భాగం తెరుస్తారు. లోపలి వార్‌హెడ్ల ఆకారం రహస్యం, అందుకని వాటి మీద తొడుగులు వేసి ఉంచుతారు. ఎన్ని గుబ్బలున్నాయో మాత్రం లెక్కపెట్టుకోవచ్చు. రహస్యం వాళ్ల దగ్గరే ఉంటుంది, లెక్క వీళ్లకి దొరుకుతుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. 2020లో కోవిడ్‌తో ఆగింది, 2023 ఫిబ్రవరిలో రష్యా పక్కన పెట్టేసింది. ఇప్పుడు గడువే అయిపోయింది. ఇది చిన్న నష్టం కాదు, ఆ అమ్మాయి బాధ నాకు అర్థమవుతోంది.

అయినా ఒక లెక్క ఉంది. 1986లో ప్రపంచంలో దాదాపు 70,000 వార్‌హెడ్లు ఉండేవి. ఇప్పుడు సుమారు 12,000. ఆ తగ్గడంలో పెద్ద వాటా ఇద్దరు శత్రువులు బల్ల దగ్గర కూర్చోబట్టే వచ్చింది.

కృష్ణలంక_కుర్రోడు
@ఫ్రీమాంట్_రావు అన్నా బాగా రాశారు, కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఉక్రెయిన్ ఇవ్వకుండా ఉంటే?

ఫ్రీమాంట్_రావు
ఉంచుకున్నా అవి పేల్చే కోడ్‌లు మాస్కోలో ఉన్నాయి. విడిభాగాలు రష్యావి. ఉంచుకుంటే గుర్తింపూ రాదు, డబ్బూ రాదు అని రెండువైపుల నుంచీ ఒత్తిడి. ఇచ్చినందుకు రియాక్టర్లకి ఇంధనం వచ్చింది. 1996 జూన్‌కల్లా ఆఖరి వార్‌హెడ్ వెళ్లిపోయింది.

కృష్ణలంక_కుర్రోడు
కోడ్‌లు ఎన్నాళ్లు అడ్డం? సోవియట్ క్షిపణులు తయారుచేసిన ఊరు ద్నిప్రో వాళ్ల దగ్గరే ఉంది. ఓ పదేళ్లిస్తే సొంతంగా చేసుకునేవాళ్లు. మీరు చెప్పింది అప్పటికి ఎందుకు ఇచ్చారో చెప్తుంది, ఇవ్వడం మంచిదైందని చెప్పదు. ఈ విషయంలో నేను ఒప్పుకోను.

ఫ్రీమాంట్_రావు
ఒప్పుకోవద్దు. కానీ ఆ వార్‌హెడ్ల యురేనియం ఏమైందో కూడా తెలుసుకో. 1993లో అమెరికా, రష్యా ఒక కొనుగోలు ఒప్పందం చేసుకున్నాయి. 20,000 వార్‌హెడ్లకి సరిపడే యురేనియం, 500 టన్నులు, పలచన చేసి అమెరికా విద్యుత్ కేంద్రాలకి అమ్మారు. 2013 దాకా నడిచింది. ఆ ఇరవై ఏళ్లూ అమెరికాలో వెలిగిన ప్రతి పది బల్బుల్లో దాదాపు ఒకటి ఆ బాంబుల కరెంటుతోనే. నేనిక్కడికి వచ్చిన కొత్తలో మా అపార్ట్‌మెంట్ లైట్లలో కూడా ఆ కరెంటు కొంత ఉండే ఉంటుంది.

సివిల్స్_సత్తి
అశోక్‌నగర్ నుంచి. సిలబస్‌లో ఒక లైనుగా పోయే కేసు, నాకు మాత్రం చాలా ఇష్టం: అర్జెంటీనా, బ్రెజిల్. అప్పట్లో రెండూ ఎన్‌పీటీ బయట, రెండు చోట్లా సైనిక పాలన, రెండూ గుట్టుగా యురేనియం శుద్ధి మీద పనిచేశాయి. పౌర ప్రభుత్వాలు వచ్చాక 1987లో అర్జెంటీనా అధ్యక్షుడు అల్ఫోన్సిన్ బ్రెజిల్ అధ్యక్షుడు సార్నేని స్వయంగా తన రహస్య కేంద్రం పిల్కానియూకి తీసుకెళ్లి చూపించాడు. మరుసటి ఏడు సార్నే అతన్ని తన అరమార్ కేంద్రానికి పిలిచాడు. 1991లో ఏబీఏసీసీ అని ఉమ్మడి సంస్థ పెట్టారు, ఆఫీసు రియోలో. బ్రెజిల్ ఇన్‌స్పెక్టర్లు అర్జెంటీనా కేంద్రాలు చూస్తారు, వాళ్లు వీళ్లవి చూస్తారు. ఇప్పటికీ నడుస్తోంది. పాత_పేపర్లు గారు చెప్పిన లోటు ఉంది చూశారా, తనిఖీ లేకపోవడం, దాన్ని వీళ్లు పూడ్చారు.

కడప_కారం
సత్తీ, వాళ్ల మధ్య కాశ్మీర్ లేదు. నాలుగు యుద్ధాలు లేవు. పక్కన చైనా లేదు. మనకి మూడు మూలలా లెక్క. మనం ఎంతకి తగ్గాలన్నా బీజింగ్ వైపు చూడాల్సిందే. వాళ్లు తగ్గాలంటే వాషింగ్టన్ వైపు చూస్తారు.

ఇంకా ఒకటి. మనల్ని సంతకం పెట్టలేదు సంతకం పెట్టలేదు అంటారు. 1968 ఎన్‌పీటీలో ఐదు దేశాలు ఉంచుకోవచ్చు, మిగతావాళ్లు ముట్టుకోకూడదు. ఆ ఐదుగురూ తగ్గించుకునే చర్చలు చిత్తశుద్ధితో చెయ్యాలని ఆరో అధికరణంలో ఉంది. చేశారా? 2015, 2022 సమీక్షా సమావేశాల్లో తుది పత్రం మీదే ఏకాభిప్రాయం రాలేదు.

పాత_పేపర్లు
@కడప_కారం మీ కోపంలో న్యాయం ఉంది. కానీ మనం కోపంతో ఆగిపోలేదు ఒకప్పుడు. 1954 ఏప్రిల్‌లో, పసిఫిక్‌లోని బికినీ దీవి దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పేలిన నెల తర్వాత, పరీక్షలు ఆపండని నెహ్రూ లోక్‌సభలో అడిగారు. 1988 జూన్ 9న రాజీవ్ ఐక్యరాజ్య సమితిలో 2010 కల్లా మూడు దశల్లో అన్ని అణ్వాయుధాలూ పోవాలని కార్యాచరణ ప్రణాళిక పెట్టారు. అదే సంవత్సరం చివర్లో ఇస్లామాబాద్ ఒప్పందం. పెద్దది జరగలేదు. చిన్నది 35 ఏళ్లుగా నడుస్తోంది.

2017లో 122 దేశాలు అణ్వాయుధ నిషేధ ఒప్పందానికి ఓటేసినప్పుడు మనం ఆ చర్చలకే వెళ్లలేదు. సంతకం పెట్టకపోతే పోనీ, వెళ్లి మన వాదన వినిపించి రావాల్సింది. నాకది ఇప్పటికీ కష్టంగానే ఉంది.

నిప్పులాంటి_నిజం
వెళ్లి ఏం చేస్తాం? తొమ్మిది అణు దేశాల్లో ఒక్కటీ ఆ ఒప్పందంలో లేదు.

పాత_పేపర్లు
1967లో లాటిన్ అమెరికా దేశాలు మా ప్రాంతంలో అణ్వాయుధాలు వద్దని త్లతెలోల్కో ఒప్పందం రాసుకున్నప్పుడూ ఇదే మాట అన్నారు. ఆఖరికి ఐదు అణు దేశాలూ దాని ప్రోటోకాల్ మీద సంతకం పెట్టాయి. కాలం పడుతుంది.

మాజీ_జవాన్
డ్యూటీ అయింది. మాది ప్రకాశం జిల్లా. సర్వీసులో ఎక్కువ కాలం నియంత్రణ రేఖ మీదే ఉన్నా. 2003 నవంబర్ ముందు అక్కడ పగలు తల పైకెత్తే పని లేదు. గేదె తాడు తెంపుకుపోయినా వెనకాల పోయేవాళ్లు కాదు ఊరోళ్లు. నవంబర్ 25 అర్ధరాత్రి నుంచి కాల్పులు ఆపాలని ఆర్డరొచ్చింది, రంజాన్ పండగ ముందు. మేమెవరం నమ్మలేదు. తెల్లారింది. ఏ చప్పుడూ లేదు. ఆ తర్వాతి సీజన్లో ఊరోళ్లు కంచె దాకా మొక్కజొన్న వేశారు. గుంటలు పడ్డ స్కూలు గోడకి సున్నం కొట్టారు. తర్వాత్తర్వాత మళ్లీ చెడింది, 2021 ఫిబ్రవరిలో మళ్లీ రాసుకున్నారు.

దాని వెనక ఏముందో తెలుసా? రెండు సైన్యాల డీజీఎంఓల, అంటే సైనిక కార్యకలాపాల అధిపతుల హాట్‌లైన్. పెద్ద సార్లు అరుదుగా మాట్లాడతారు, కింది ఆఫీసర్లు మాత్రం ప్రతి మంగళవారం మాట్లాడుకుంటారు. ఏమీ లేకపోయినా "ఏమీ లేదు" అని చెప్పుకుంటారు. 2025 మే 10న మధ్యాహ్నం మూడున్నర దాటాక పాక్ డీజీఎంఓ ఫోన్ చేసింది మన డీజీఎంఓకే. సాయంత్రం 5 నుంచి కాల్పులు ఆపాలని ఒప్పుకున్నారు. ఎవరు ఆపారన్న గొడవ టీవీలో ఇంకా నడుస్తోంది. నాకు కావాల్సింది ఆ ఫోన్ పనిచెయ్యడం.

తెనాలి_టీచర్
ఒక సందేహం. 2025 ఏప్రిల్ 23న మనం సింధు జలాల ఒప్పందం పక్కన పెట్టాం. మర్నాడు వాళ్లు సిమ్లా ఒప్పందం కూడా పక్కన పెట్టే హక్కు మాకుందన్నారు. 1960 నాటిదే ఆగిపోయినప్పుడు, ఈ జాబితా కూడా ఆపెయ్యాలని ఎవరికీ అనిపించలేదా?

పాత_పేపర్లు
2025 జూలై 1న ఖైదీల జాబితాలు మారాయి, 2026 జనవరి 1న రెండూ మారాయి. నా ఆలోచన ఏమిటంటే, నీళ్లు ఆపితే ఒకరికి లాభం, ఒకరికి నష్టం అని లెక్కలు వేసుకోవచ్చు. ఈ జాబితా ఆపితే లాభపడేవాడే లేడు. అందుకని కోపం వచ్చినప్పుడు కూడా చెయ్యి దాని మీదకి పోదు. కొత్త ఒప్పందాలు రాసేవాళ్లు ఈ మెలకువ నేర్చుకోవాలి.

కృష్ణలంక_కుర్రోడు
సరే, ఇది ఒప్పుకుంటా. టీచర్ గారూ, నేను చెప్పిన ఉక్రెయిన్ వాదన కాదు అనే పక్షానికి ఇవ్వండి, పాత_పేపర్లు గారిది అవును అనే పక్షానికి. కానీ దయచేసి అవును అనే పిల్లలతో "ఒప్పందాలన్నీ మంచివి" అనిపించకండి. ఎలాంటి ఒప్పందం అని అడిగించండి.

తెనాలి_టీచర్
అవును అనే పక్షానికి ఇద్దరు పేర్లు ఇచ్చారు ఇవాళ. ఒకతను తుమ్మలపల్లె నుంచి వచ్చి చదువుకుంటున్న కుర్రాడు, యురేనియం గని పక్క ఊరు. ఇప్పుడున్న ఒప్పందాల్లో ఏది సరిచెయ్యాలో చెప్తే బాగుంటుందని అడుగుతున్నాడు. ఎవరైనా చెప్పండి.

మాజీ_జవాన్
నేను చెప్తా. 2005 అక్టోబర్‌లో రెండు దేశాలూ క్షిపణి పరీక్షల ముందస్తు సమాచార ఒప్పందం రాసుకున్నాయి. బాలిస్టిక్ క్షిపణి పరీక్షిస్తే కనీసం మూడు రోజుల ముందు చెప్పాలి. వదిలే చోటు సరిహద్దుకి 40 కిలోమీటర్ల లోపు ఉండకూడదు, పడే చోటు 70 కిలోమీటర్ల లోపు ఉండకూడదు. మంచిదే. కానీ క్రూయిజ్ క్షిపణులు అందులో లేవు.

2022 మార్చి 9న మన బ్రహ్మోస్ పొరపాటున ఎగిరి పాక్ పంజాబ్‌లో మియాఁ చన్నూ దగ్గర పడింది. పేలుడు జరగలేదు, ఎవరూ చనిపోలేదు. రెండు రోజులయ్యాక మనం పొరపాటని ప్రకటించాం, ఆగస్టులో ముగ్గురు వాయుసేన అధికారులను ఉద్యోగం నుంచి తీసేశారు. ఆ రెండు రోజులూ అవతలివాడు ఏమనుకోవాలి? అదే ఉద్రిక్తత ఉన్న నెలలో జరిగుంటే?

పాత_పేపర్లు
సరిగ్గా చెప్పారు. 2007 ఫిబ్రవరి 21 నాటి ఒప్పందం అణ్వాయుధాల ప్రమాదాలకే. మామూలు క్షిపణి దారి తప్పితే ఎవరు ఎవరికి ఎంతసేపట్లో ఫోన్ చెయ్యాలో ఎక్కడా లేదు. తుమ్మలపల్లె కుర్రాడిని ఇదే అడగమనండి: 2005 ఒప్పందంలో క్రూయిజ్ క్షిపణులు చేర్చాలి, దారి తప్పిన క్షిపణి గురించి గంటలోపు హాట్‌లైన్‌లో చెప్పాలి అని ఒక అధికరణం పెట్టాలి. దీనికి ఎవరూ ఒక్క బాంబు కూడా వదులుకోనక్కర్లేదు.

అలల_ఊరు
అందులోనే ఇంకొకటి రాయించండి. ఖైదీల కోసం రెండు దేశాల రిటైర్డ్ జడ్జీలతో ఒక కమిటీ ఉండేది. అది మళ్లీ కూర్చోవాలి.